మిర్చి ఎగుమతి ఆఫీసుకి వచ్చే దొంగ మెయిళ్లు: నా అనుభవం

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే చిన్న ఆఫీసులకి మెయిళ్లు, కంప్యూటర్లు చూసిపెట్టడం నా పని. ఇలాంటి ఆఫీసులో నలుగురైదుగురే ఉంటారు. ఓనరు గారు, అకౌంట్లు చూసే ఆవిడ, ఎగుమతి డాక్యుమెంట్లు తయారుచేసే అబ్బాయి, కోల్డ్ స్టోరేజీ లెక్కలు రాసే గుమాస్తా. ఐటీ మనిషంటూ విడిగా ఎవరూ ఉండరు. కానీ చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయ్‌లాండ్ బయ్యర్లతో ప్రొఫార్మా ఇన్‌వాయిస్ (ముందస్తు బిల్లు) దగ్గర నుంచి బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఓడ ఎక్కిందనే పత్రం) కాపీ దాకా అంతా మెయిల్ మీదే నడుస్తుంది. ఒక్క కంటైనర్ బిల్లే లక్షల్లో ఉంటుంది. ఇలాంటి చోట దొంగ మెయిల్ అంటే ఉత్త చికాకు కాదు, సీజన్ లాభమంతా ఒక్క దెబ్బలో ఊడ్చేసే విషయం. మిర్చి కాకపోయినా, మెయిల్లో బిల్లులు నడిచే ఏ వ్యాపారానికైనా ఇదే వరస.

స్పామ్ ఫోల్డర్ దగ్గర మొదలు

ఏ ఆఫీసుకి వెళ్లినా మొదట తెరిచేది స్పామ్ ఫోల్డరే. జీమెయిల్ 30 రోజులు దాటిన స్పామ్‌ని తనంతట తానే చెరిపేస్తుంది కాబట్టి అక్కడ కనిపించేది గత నెల సరుకు. ఆ ఆఫీసు మీద ఎలాంటివాళ్ల కన్ను పడిందో దాన్ని చూస్తే అర్థమవుతుంది. మీ వెబ్‌సైట్‌ని గూగుల్‌లో పైకి తెస్తామనేవాళ్లు, పూచీ లేకుండా లోన్ ఇస్తామనేవాళ్లు, ఎగ్జిబిషన్‌కి వచ్చిన బయ్యర్ల లిస్టు అమ్ముతామనేవాళ్లు: వీటితో ప్రమాదం తక్కువ. స్పామ్ అని రిపోర్ట్ కొట్టి వదిలేయడమే. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు మాత్రం మనం నిజంగా ఎప్పుడో చేరిన చోట్లకే నొక్కాలి. ముక్కూమొహం తెలియనివాడి మెయిల్లో ఆ లింకు నొక్కితే, ఈ అడ్రసులో మనిషి ఉన్నాడని వాడికి మనమే చెప్పినట్టు. జీమెయిల్ సెట్టింగుల్లో బయటి బొమ్మలు చూపించే ముందు అడగమనే ఆప్షన్ ఒకటి ఉంటుంది, అది కూడా పెట్టేస్తాను. కంటికి కనిపించనంత చిన్న బొమ్మని మెయిల్లో దాచి, మనం ఎప్పుడు తెరిచామో తెలుసుకునే పద్ధతి ఉంది మరి.

స్పామ్ ఫోల్డర్‌ని రోజుకొకసారైనా చూడమని అకౌంట్లు చూసేవాళ్లకి చెబుతాను. దొంగల కోసం కాదు, అసలు బయ్యర్ల కోసం. కొత్త బయ్యరు రాసిన మొదటి ఎంక్వయిరీ అందులో పడి 30 రోజుల్లో మాయమైపోయే అవకాశం ఉంది. అలాంటిది కనిపిస్తే 'నాట్ స్పామ్' కొట్టి, ఆ అడ్రసుని కాంటాక్ట్స్‌లో వేసుకోవాలి.

రెండో రకం భయపెట్టేవి. మీ కెమెరా హ్యాక్ చేశాం, బిట్‌కాయిన్ పంపకపోతే వీడియో బయటపెడతాం అనేది ఒకటి. పంపినవాడి దగ్గర మన అడ్రసే కనిపిస్తుంది, లోపల మన పాత పాస్‌వర్డ్ కూడా రాసి ఉంటుంది. అడ్రసు మారువేషం మాత్రమే, పాస్‌వర్డ్ ఎప్పుడో ఏదో సైటు నుంచి లీకైన లిస్టులోది. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే వెంటనే మార్చి, మెయిల్‌కి జవాబు ఇవ్వకుండా వదిలేయాలి. ఇంకొకటి, మీ బ్రాండు పేరుతో చైనాలో ఎవరో డొమైన్ అడుగుతున్నారు, మీరు వద్దంటే ఆపుతాం అని వస్తుంది. జవాబిస్తే పదేళ్లకి డొమైన్లు కొనమని పీడిస్తారు. దానికీ జవాబు అక్కర్లేదు.

ప్రభుత్వం పేరుతో వచ్చేవాటి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే వాటిలో సగం నిజం ఉంటుంది. డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) పోర్టల్లో ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడ్) వివరాలు ఏటా ఏప్రిల్, జూన్ మధ్య అప్‌డేట్ చేయాల్సిన మాట నిజమే. ఆ గడువులో చేస్తే ఫీజు లేదన్నదీ నిజమే. సరిగ్గా ఆ నెలల్లోనే మీ ఐఈసీ ఆగిపోతుంది, ఇక్కడ డబ్బు కట్టండి అంటూ మెయిళ్లు దిగుతాయి. లింకు ముట్టుకోకుండా డీజీఎఫ్‌టీ సైటుని మనమే టైపు చేసి లోపలికెళ్లి చూస్తే విషయం తేలిపోతుంది. సెంట్రల్ జీఎస్టీ, కస్టమ్స్ నుంచి సమన్లు అని వస్తే డిన్ నంబర్ (డాక్యుమెంట్ గుర్తింపు నంబర్) ఉందా చూడాలి. 2019 నవంబర్ 8 నుంచి వాళ్లు ఇచ్చే సమన్లకీ, లెటర్లకీ ఆ నంబర్ ఉండాలనే నిబంధన వచ్చింది, దాన్ని సీబీఐసీ (ఆ రెండు శాఖల పైనున్న బోర్డు) సైటులో కొట్టి సరిచూసుకోవచ్చు. జీఎస్టీ పోర్టల్ ద్వారా ఇచ్చేవాటికి మాత్రం ఆ పోర్టల్ రిఫరెన్స్ నంబర్ చాలని 2025లో సడలించారు. బ్యాంకుల సంగతికొస్తే, 2025 అక్టోబర్ 31 లోగా తమ వెబ్‌సైట్లని 'బ్యాంక్ డాట్ ఇన్'తో ముగిసే అడ్రసుకి మార్చుకోమని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఆ డొమైన్లు ఇచ్చేది హైదరాబాద్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ (రిజర్వ్ బ్యాంక్ పెట్టిన సంస్థ) ఒక్కటే. దారిన పోయేవాడికి ఆ పేరు దొరకదు. అడ్రసులో, మొదట్లో ఉండే జంట గీట్లని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీటుకి (స్లాష్) సరిగ్గా ముందు ఆ ముగింపు ఉందో లేదో చూడాలి. 'బ్యాంక్' అనే మాట మధ్యలో ఎక్కడో ఉంటే లెక్కలోకి రాదు.

స్విఫ్ట్ కాపీ అంటూ వచ్చిన మెయిల్‌ని విప్పి చూస్తే

అసలు ప్రమాదం మూడో రకంలో ఉంది. అది స్పామ్‌లా కనిపించదు, మన వ్యాపారంలాగే కనిపిస్తుంది. పర్చేజ్ ఆర్డరు, పేమెంట్ అడ్వైస్, స్విఫ్ట్ కాపీ (విదేశీ బ్యాంకు డబ్బు పంపినట్టు చూపే కాగితం), సవరించిన బీఎల్ డ్రాఫ్ట్, ఫైటో సర్టిఫికెట్‌లో (సరుకుకి తెగుళ్లు లేవనే పత్రం) తప్పు అంటూ వస్తుంది. డాక్యుమెంట్లు చూసే అబ్బాయి రోజూ తెరిచేవి అవే. ఓడకి కాగితాలిచ్చే కటాఫ్ దగ్గరపడుతుంటే ఆగి చూసే తీరిక ఉండదని పంపేవాడికీ తెలుసు.

అలాంటి మెయిల్ ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. పైన బయ్యర్ ఆఫీసులో పర్చేజ్ మేనేజర్ పేరు, సబ్జెక్టులో 'రీ' అని పెట్టి పాత కాంట్రాక్ట్ నంబర్, కింద బ్యాలెన్స్ పంపాం, స్విఫ్ట్ కాపీ జతచేశాం అని రెండు లైన్లు. ఫోన్‌లో చూస్తే ఇంతే కనిపిస్తుంది, పేరు తప్ప అడ్రసు కనపడదు. అందుకే డబ్బుకి సంబంధించిన మెయిల్ ఏదైనా కంప్యూటర్‌లోనే తెరిచి చూడాలన్నది నేను పెట్టే మొదటి షరతు. ఓనర్లకి ఇది నచ్చదు, ఫోనే వాళ్ల ఆఫీసు. అయినా ఈ ఒక్కదానికి పట్టుబడతాను.

జీమెయిల్‌లో మెయిల్ కుడివైపున మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' అంటే హెడర్ (మెయిల్ ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పే వివరాలు) మొత్తం తెరుచుకుంటుంది. ముందు 'ఫ్రమ్' అడ్రసులో డొమైన్ పేరుని అక్షరం అక్షరం చదవాలి. ఎమ్ అక్షరం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటే కంటికి తేడా తెలియదు. 'కామ్' ఉండాల్సిన చోట 'కో' అని ఆగిపోవడం, పేరు మధ్యలో ఒక అడ్డగీత చేరడం మామూలే. పాత నిజం మెయిల్‌ని పక్కన తెరిచి, రెండు అడ్రసుల్నీ నోట్‌ప్యాడ్‌లో కాపీ చేసి ఒకదాని కింద ఒకటి పెడితే ఎక్కడ తేడా ఉందో ఇట్టే తెలుస్తుంది. తర్వాత 'రిప్లై టు' లైను. ఫ్రమ్‌లో కంపెనీ అడ్రసు ఉండి, రిప్లై టులో ఏదో ఉచిత మెయిల్ అడ్రసు ఉంటే మన జవాబు నేరుగా దొంగ చేతికే వెళుతుంది.

'రిసీవ్డ్' అనే లైన్లు చాలా ఉంటాయి. ఒక్కో సర్వరు తన లైనుని పైన చేర్చుకుంటూ పోతుంది కాబట్టి ప్రయాణం కింద నుంచి పైకి చదవాలి. కానీ అడుగున ఉన్న లైన్లని పంపినవాడు కల్పించగలడు. మన సర్వరు తాను రాసిన పై లైన్లనే గట్టిగా నమ్మాలి. డేట్ లైను చివర టైమ్ జోన్ కూడా ఒక ఆధారం: బంగ్లాదేశ్ అయితే ప్లస్ 0600, చైనా అయితే ప్లస్ 0800. చిట్టగాంగ్ (బంగ్లాదేశ్) బయ్యర్ మెయిల్‌కి వేరే దేశం జోన్ కనిపిస్తే అనుమానించాలి. కొన్ని సర్వర్లు అందరికీ సున్నా జోనే వేస్తాయి కాబట్టి ఇదొక్కటే చూసి తీర్పు చెప్పేయకూడదు.

అదే పేజీలో పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు, వాటి పక్కన పాస్ లేదా ఫెయిల్ అని కనిపిస్తాయి. ఎస్‌పీఎఫ్ అంటే ఆ డొమైన్ తరఫున మెయిల్ పంపే అనుమతి ఆ సర్వరుకి ఉందా అన్న పరీక్ష. డీకిమ్ అంటే దారిలో మెయిల్ మారలేదని చెప్పే డిజిటల్ సంతకం. ఆ రెండింటిలో ఒకటైనా ఫ్రమ్‌లో కనిపించే డొమైన్‌తో సరిపోలిందా అని చూసేది డీమార్క్. ఫెయిల్ అని ఉంటే ఎర్రజెండానే. అయితే చాలామంది తిరగేసి అర్థం చేసుకునే చోటు ఇదే: మూడూ పాస్ అయితే ఆ డొమైన్ నుంచే వచ్చిందని తేలుతుంది, ఆ డొమైన్ మన బయ్యరుదేనని తేలదు. ఒక అక్షరం మార్చి కొన్న దొంగ డొమైన్‌కి కూడా మూడు రికార్డులూ పెట్టుకోవచ్చు, అన్నీ పాస్ అవుతాయి. హూ ఈజ్‌లో (డొమైన్ల వివరాలు చూపే సర్వీసు) ఆ డొమైన్ ఎప్పుడు పుట్టిందో చూడండి. పదేళ్లుగా సరుకు కొంటున్న బయ్యర్ డొమైన్‌కి వారం వయసు ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు.

బయ్యర్ మెయిల్‌బాక్సే దొంగ చేతిలో ఉంటే హెడర్లో ఏ తప్పూ దొరకదు. అసలు అడ్రసు, పాత సంభాషణ కిందే జవాబు, అన్నీ పాస్. అప్పుడు పట్టించేది మెయిల్లో అడుగుతున్న పని ఒక్కటే.

జతచేసిన ఫైలు

ఇక అటాచ్‌మెంట్. విండోస్ మామూలుగా తెలిసిన ఫైళ్ల చివరి తోకని దాచేస్తుంది. కాబట్టి 'స్విఫ్ట్ కాపీ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ' అనే ఫైలు పీడీఎఫ్‌లాగే కనిపిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెడితే ఆ ఆట కట్టు. నేను ముట్టుకునే ప్రతి కంప్యూటర్‌లో ముందు ఇది పెడతాను. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలని (ఫైలు లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు) మైక్రోసాఫ్ట్ 2022లో డిఫాల్ట్‌గా ఆపేశాక దొంగలు దారి మార్చారు. ఐఎస్‌ఓ ఫైళ్లు (డిస్కు నకళ్లు), షార్ట్‌కట్ ఫైళ్లు, వన్‌నోట్ ఫైళ్లు, హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్లు (వెబ్ పేజీలు) వస్తున్నాయి. బ్యాంకు ఏదీ స్విఫ్ట్ కాపీని హెచ్‌టీఎమ్‌ఎల్‌గా ఇవ్వదు. అది తెరిస్తే మన మెయిల్ అడ్రసు ముందే నింపి ఉన్న నకిలీ లాగిన్ పేజీ వస్తుంది, పాస్‌వర్డ్ ఒక్కటే అడుగుతుంది. ఫైలు మన కంప్యూటర్‌లోనే ఉంటుంది కాబట్టి చెడ్డ వెబ్‌సైట్లని ఆపే ఫిల్టర్లకి దొరకడం కష్టం.

పాస్‌వర్డ్ పెట్టిన జిప్, ఆర్ఏఆర్ వచ్చి, ఆ పాస్‌వర్డ్ మెయిల్లోనే రాసి ఉంటే అది భద్రత కోసం కాదు. తాళం వేసిన ఫైలు లోపలికి స్కానర్ తొంగి చూడలేదు, అందుకే. లోపల ఉండేది ఎక్కువగా ఏజెంట్ టెస్లా, ఫార్మ్‌బుక్ లాంటి దొంగ ప్రోగ్రాములు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కొట్టిన అక్షరాలు పట్టుకుని బయటికి పంపేస్తాయి. ఎగుమతి ఆఫీసులో దీని అర్థం మెయిల్ పాస్‌వర్డ్, ఐస్‌గేట్ (కస్టమ్స్ పోర్టల్) లాగిన్, నెట్ బ్యాంకింగ్ వివరాలు ఒకేసారి పోవడం. అందుకని మెయిల్ తెరిచే కంప్యూటరూ, బ్యాంకు పని చేసే కంప్యూటరూ వేరుగా ఉండాలి. పాతదైనా పర్వాలేదు, దాంట్లో మెయిల్ తెరవకపోతే చాలు. రోజువారీ పనికి అడ్మిన్ హక్కులు లేని విండోస్ అకౌంటు ఇవ్వాలి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌ని (మన సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం) పని అయ్యాక తీసి డ్రాయర్లో పెట్టాలి. చాలా ఆఫీసుల్లో అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా యూఎస్‌బీకి వేలాడుతూనే ఉంటుంది.

ఫైలు మీద అనుమానం వస్తే వైరస్‌టోటల్‌లో (ఫైళ్లని పరీక్షించే వెబ్‌సైటు) చూస్తాం. ఒక జాగ్రత్త: అక్కడ ఎక్కించిన ఫైలుని డబ్బు కట్టే సభ్యులు దించుకోగలరు. నిజం కాంట్రాక్టులు, కేవైసీ కాగితాలు అందులో వేయకూడదు.

మన మెయిల్‌బాక్సులో ఎవరైనా కూర్చున్నారా

పాస్‌వర్డ్ దొరికిన దొంగ వెంటనే ఏమీ చేయడు. చదువుతూ కూర్చుంటాడు. ఏ బయ్యరు ఎంత అడ్వాన్స్ ఇస్తాడు, బ్యాలెన్స్ ఎప్పుడు వస్తుంది, ఓనరు గారు మెయిల్ చివర ఏమని సంతకం పెడతారు, అన్నీ చూసుకుంటాడు. 30 శాతం అడ్వాన్స్, మిగతాది బీఎల్ కాపీ మీద అనుకున్న డీల్‌లో, బీఎల్ కాపీ వెళ్లిన రోజే మా ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈ కొత్త ఖాతాకి వేయండి అని మన పేరుతో బయ్యరుకి మెయిల్ పెడతాడు. బయ్యరు అనుమానంతో అడిగిన ప్రశ్న మనకి కనిపించకుండా ముందే ఒక ఫిల్టరు పెట్టి ఉంచుతాడు.

కాబట్టి జీమెయిల్ సెట్టింగుల్లో ఫిల్టర్ల ట్యాబు, ఫార్వర్డింగ్ ట్యాబు తప్పనిసరిగా చూడాలి. మనం పెట్టని ఫార్వర్డ్ అడ్రసు, ఇన్‌వాయిస్, పేమెంట్, బ్యాంక్ లాంటి మాటలున్న మెయిళ్లని ఆర్కైవ్ చేసే ఫిల్టరు కనిపిస్తే దొంగ లోపలే ఉన్నాడన్నమాట. అకౌంట్స్ ట్యాబులో ఇంకెవరికైనా మెయిల్ చూసే హక్కు ఇచ్చి ఉందా చూడాలి. ఇన్‌బాక్స్ అడుగున కుడివైపు 'డీటెయిల్స్' నొక్కితే ఈ మధ్య ఏ ఐపీ (ఇంటర్నెట్ అడ్రసు) నుంచి, ఏ పరికరంతో తెరిచారో వస్తుంది. ఔట్‌లుక్ వాడేవాళ్లు రూల్స్ చూడాలి, ఎవరూ తెరవని ఆర్ఎస్ఎస్ ఫీడ్స్ ఫోల్డర్‌లోకి మెయిళ్లు మళ్లించడం పాత అలవాటు. ఇవి చూడకుండా పాస్‌వర్డ్ ఒక్కటి మార్చి ఊరుకుంటే, దొంగ బయటికి వెళ్లాక కూడా ఫార్వర్డింగ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

వరస ఇలా పెట్టుకుంటాం: వైరస్ లేదని నమ్మకమున్న వేరే కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్ మార్చడం, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్, రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ మనవేనా చూడటం, ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, అకౌంటుకి అనుమతి పొందిన బయటి యాప్‌లు తీసేయడం, ఆపైన టూ స్టెప్ వెరిఫికేషన్. దొంగ ప్రోగ్రాము ఉన్న కంప్యూటర్లోనే కొత్త పాస్‌వర్డ్ కొడితే అది కూడా వాడికే చేరుతుంది.

ఓటీపీ ఉంది కదా అనే ధీమా వద్దు. నకిలీ లాగిన్ పేజీ మధ్యలో కూర్చుని ఓటీపీని కూడా అసలు సైటుకి అప్పటికప్పుడు అందించి, లాగిన్ అయిన సెషన్‌ని ఎత్తుకుపోయే పద్ధతి ఉంది. పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లేదా కంప్యూటర్‌లో ఉండే కీ) గానీ, యూఎస్‌బీ సెక్యూరిటీ కీ గానీ అసలు డొమైన్‌కే పనిచేస్తుంది, నకిలీ పేజీకి జవాబివ్వదు. ఆఫీసులో అందరికీ కుదరకపోయినా ఓనరు, అకౌంట్లు చూసేవాళ్లు, అడ్మిన్ అకౌంటు, ఈ మూడింటికి మాత్రం పెట్టిస్తాను.

మన డొమైన్‌కి మూడు రికార్డులు

మన పేరుతో వేరేవాళ్లు మెయిల్ పంపకుండా మన వైపు చేయాల్సింది ఇది. ఉచిత జీమెయిల్ అడ్రసుతో వ్యాపారం చేసేవాళ్లకి ఈ దారి లేదు. ఇదొక్క కారణం చాలు సొంత డొమైన్ తీసుకోవడానికి.

ఎస్‌పీఎఫ్ రికార్డు (డొమైన్ డీఎన్‌ఎస్ సెట్టింగుల్లో రాసే లైను) ఒక డొమైన్‌కి ఒక్కటే ఉండాలి. హోస్టింగ్ వాడు ఒకటి పెట్టి, గూగుల్ వర్క్‌స్పేస్ పెట్టినప్పుడు ఇంకొకటి చేర్చి వదిలేయడం తరచూ చూస్తుంటాను. రెండుంటే రెండూ చెల్లవు. రెండింటినీ కలిపి ఒకే లైనుగా రాయాలి. అందులో డీఎన్‌ఎస్‌లో పేర్లు వెతికే పని 10 సార్లు దాటకూడదనే పరిమితి కూడా ఉంది, ప్రతి కొత్త సర్వీసునీ చేర్చుకుంటూ పోతే అది దాటిపోయి ఎస్‌పీఎఫ్ ఎర్రర్ ఇస్తుంది. ఎప్పుడో వాడి మానేసిన సర్వీసుల్ని తీసేయాలి. డీకిమ్‌కి 2048 బిట్ల కీ తీసుకోవాలి. అది 255 అక్షరాలు దాటుతుంది కాబట్టి కొన్ని డొమైన్ ప్యానెళ్లలో ఒకే ముక్కగా ఎక్కదు, రెండు ముక్కలుగా కోట్ గుర్తుల్లో పెట్టాలి. కాపీ చేసేటప్పుడు మధ్యలో ఒక అక్షరం పోయినా ఫెయిల్ అవుతుంది.

డీమార్క్‌ని మొదటి రోజే 'రిజెక్ట్' (ఫెయిల్ అయిన మెయిల్‌ని తిప్పికొట్టడం) మీద పెట్టకండి. వెబ్‌సైటులోని కాంటాక్ట్ ఫారం, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పంపే బిల్లులు, ఇవన్నీ మన పేరుతోనే వెళుతుంటాయి, కానీ వేరే సర్వరు నుంచి. వాటిని సరిచేయకుండా రిజెక్ట్ పెడితే మన బిల్లులే బయ్యరుకి చేరవు, ఎందుకు చేరలేదో కూడా తెలియదు. 'నన్' (ఏమీ ఆపకుండా రిపోర్టు మాత్రమే) తో మొదలుపెట్టి, రిపోర్టులు విడి మెయిల్‌బాక్సుకి రప్పించుకోవాలి. కొన్ని వారాలు చూస్తే మన పేరుతో ఏ సర్వర్లు పంపుతున్నాయో తేలుతుంది. మనవన్నీ పాస్ అవుతున్నాయని రూఢి అయ్యాక 'క్వారంటైన్' (స్పామ్‌లోకి పంపడం), ఆ తర్వాత 'రిజెక్ట్'. 'నన్' దగ్గరే ఏళ్ల తరబడి ఆపేసిన ఆఫీసులు ఎన్నో. ఆ స్థితిలో డీమార్క్ చూస్తుందే తప్ప ఎవరినీ ఆపదు.

ఇంత చేసినా ఒక అక్షరం మార్చిన డొమైన్ నుంచి వచ్చేవాటిని ఇది ఆపలేదు.

బ్యాంకు వివరాలు మారాయని వస్తే

ఆ మిగిలిన దారిని మూసేది డబ్బు పంపే పద్ధతి. ఎవరి బ్యాంకు వివరాలు మారాయని మెయిల్ వచ్చినా, అది సంచుల సప్లయర్ అయినా, ఫ్రైట్ ఫార్వర్డర్ అయినా, పోర్టులో కస్టమ్స్ పని చూసే ఏజెంటయినా, ఫోన్ చేయకుండా పైసా కదలకూడదు. ఫోన్ నంబర్ ఆ మెయిల్ కింద ఉన్నది కాదు, మన పాత ఫైల్లో ఉన్నది. వాట్సాప్ మెసేజ్ చాలదు, గొంతు వినాలి. పాత ఖాతా చివరి 4 అంకెలు వాళ్లనే చెప్పమని అడిగితే ఇంకా మంచిది.

మన దేశంలో నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లో డబ్బు ఖాతా నంబర్‌ని బట్టి పడుతుంది, మనం టైపు చేసిన పేరు సరిపోకపోయినా ఆగదు. ఈ సంగతి తెలియక పేరు కరెక్టుగానే కొట్టాం కదా అనుకునేవాళ్లు చాలామంది. ఇప్పుడు ఖాతాదారు పేరు ముందే చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1 కల్లా ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి చెప్పింది. బెనిఫిషియరీని చేర్చేటప్పుడు ఆ పేరు చూసి తీరాలి. కంపెనీ బిల్లుకి ఎవరో వ్యక్తి పేరు వస్తే అక్కడే ఆపాలి. బిల్లు మీది జీఎస్టీ నంబర్ కూడా చాలా చెబుతుంది: 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. తర్వాతి పది పాన్. పాన్‌లో నాలుగో అక్షరం సీ అయితే కంపెనీ, ఎఫ్ అయితే ఫర్మ్, పీ అయితే వ్యక్తి. ప్రైవేట్ లిమిటెడ్ అని హెడ్డింగ్ పెట్టి పీ ఉన్న పాన్ వాడిన బిల్లు నకిలీయే.

నెట్ బ్యాంకింగ్‌లో ఒకరు ఎంటర్ చేస్తే ఇంకొకరు ఆమోదించే మేకర్, చెకర్ పద్ధతి చిన్న ఫర్మ్‌లకి కూడా ఇస్తారు, బ్రాంచిలో అడగాలి. అకౌంట్లు చూసే ఆవిడ ఎంటర్ చేస్తే ఓనరు గారు ఆమోదించడం. ఓనరు గారి పేరుతోనే 'మీటింగ్‌లో ఉన్నాను, ఈ పేమెంట్ వెంటనే పంపు' అని వచ్చే మెయిల్‌కి కూడా ఇదే మందు. నేను ఫోన్ చేసి అడిగితే సార్ విసుక్కుంటారేమో అనే భయం ఆ సీట్లో ఉండకూడదు. నన్ను అడగండి, నాకు కోపం రాదు అని ఓనరు గారే అందరి ముందూ చెప్పాలి. ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని పని ఈ ఒక్క మాట చేస్తుంది.

బయ్యర్ల వైపు నుంచి పోకుండా, ప్రతి ప్రొఫార్మా మీదా మా బ్యాంకు వివరాలు మెయిల్ ద్వారా మారవు, మారాయని వస్తే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అని అచ్చు వేయిస్తాం. చైనా బయ్యర్లకి అదే మాట చైనీస్‌లో కూడా. ఇది ఎందుకంత ముఖ్యమంటే, బయ్యరు దొంగ ఖాతాకి వేస్తే సరుకు వాళ్ల పోర్టుకి చేరుతుంది, మనకి డబ్బు రాదు, ఈడీపీఎంఎస్‌లో (ఎగుమతుల డబ్బు వచ్చిందో లేదో చూసే రిజర్వ్ బ్యాంక్ సిస్టమ్) ఆ షిప్పింగ్ బిల్లు పెండింగ్‌గా మిగిలిపోతుంది. డబ్బు ఏమైందని బ్యాంకు మనల్నే అడుగుతుంది. నేను పంపేశాను అని బయ్యరు అంటాడు, పాపం అతనూ నిజమే చెబుతున్నాడు.

డబ్బు వెళ్లిపోతే

అనుమానించిన క్షణం నుంచి గంటలు లెక్క. మన దేశంలోని ఖాతాకి వెళ్లిన డబ్బయితే ముందు 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్, దానితోపాటే మన బ్యాంకు బ్రాంచికి. 1930లో ట్రాన్సాక్షన్ నంబర్ (యూటీఆర్), తేదీ, సమయం, మొత్తం, ఏ ఖాతాకి వెళ్లిందో అడుగుతారు, అవి ముందే కాగితం మీద రాసుకుని ఫోన్ చేస్తే నిమిషాలు కలిసొస్తాయి. దొంగ ఆ డబ్బుని ఇంకో ఖాతాకి తోసేలోపే అక్కడ ఆపించాలి. ఆపైన నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్లో రాతపూర్వక ఫిర్యాదు. విదేశీ ఖాతాకి వెళ్లి ఉంటే మన బ్యాంకు ఫారెక్స్ డెస్కుని స్విఫ్ట్ రీకాల్ (ఆ డబ్బు వెనక్కి ఇవ్వమని అవతలి బ్యాంకుకి సందేశం) పంపమని రాతపూర్వకంగా అడగాలి. అవతలి బ్యాంకులో డబ్బు ఇంకా ఉంటేనే అది ఫలిస్తుంది. పంపింది బయ్యరయితే అతని దేశంలో, అతని బ్యాంకు దగ్గర, అతనే కదలాలి. మనం ఇక్కడ ఫిర్యాదు ఇచ్చి ఆ కాపీ అతనికి పంపితే అక్కడ అతని పని సులువవుతుంది.

రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్‌ని చూపించి, 3 పని దినాల్లో చెబితే డబ్బు వెనక్కి వస్తుందని కొందరు ధైర్యం చెబుతుంటారు. అది మన అనుమతి లేకుండా ఖాతాలోంచి పోయిన డబ్బు గురించి. దొంగ మెయిల్ నమ్మి మనమే ఓటీపీ కొట్టి పంపిన డబ్బుకి ఆ రక్షణ మీద ఆశ పెట్టుకోకూడదు.

మెయిల్‌ని కోపంలో డిలీట్ చేయకండి. అదే సాక్ష్యం. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే హెడర్ పోతుంది. 'డౌన్‌లోడ్ మెసేజ్' నొక్కి ఈఎమ్ఎల్ ఫైలుగా దించుకోవాలి, లేదా 'ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్' వాడాలి. దానితోపాటు షో ఒరిజినల్ పేజీ, ఫిల్టర్ల పేజీ, లాగిన్ ఐపీల పేజీ ప్రింట్లు తీసుకోవాలి, ఫిల్టర్లు తీసేయకముందే. 2022 ఏప్రిల్ 28న సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనల్ని గుర్తించిన 6 గంటల్లో వాళ్లకి తెలియజేయాలి, అది మెయిల్‌తో కూడా చేయవచ్చు. పోలీసు ఫిర్యాదులో ఐటీ చట్టం 66డీ కింద, అంటే కంప్యూటర్ వాడి వేరొకరిలా నటించి మోసం చేయడం కింద, కేసు కట్టమని అడగొచ్చు. మన పాస్‌వర్డ్ ఎత్తుకుపోయి ఉంటే 66సీ కూడా.

అదే రోజు మిగతా బయ్యర్లందరికీ, సప్లయర్లందరికీ ఫోన్లు చేయాలి. మెయిల్ కాదు, ఫోన్. దొంగ మన మెయిల్‌బాక్సు చదివి ఉంటే వాళ్ల పేర్లన్నీ వాడి దగ్గర ఉన్నట్టే, ఆ వారం బీఎల్ మీద బ్యాలెన్స్ రావాల్సిన బయ్యరుకి ముందు చేయండి.